తేల్చడమే నా పని

నేను ఒక ఫ్లోట్‌ని. సముద్రం మీద ఎగిరే హెలికాప్టర్లకు పొట్ట పక్కన మడిచి కట్టే రబ్బరు గుడ్డ సంచిని. పక్కనున్న సిలిండర్లోంచి గ్యాసు వచ్చి నన్ను నింపితే, పడుకున్న గేదె అంత లావున ఉబ్బి, మునగబోయే హెలికాప్టర్ని నీళ్ళ మీద ఆపుతాను. ఒక్కోదానికి మేం నలుగురం. ముందు ఇద్దరం, వెనక ఇద్దరు. నాది ముందు ఎడమ వైపు.

నన్ను చేసినవాళ్ళూ, కొన్నవాళ్ళూ, బిగించినవాళ్ళూ అందరూ కోరుకున్నది ఒక్కటే, నేను ఎప్పటికీ పనికి రాకూడదని. ఇంత ఖరీదు పెట్టి కొని, దీని అవసరం పడకూడదు దేవుడా అని దణ్ణం పెట్టుకునే వస్తువులు లోకంలో ఎక్కువ ఉండవు. నాకు అదేమీ చిన్నతనంగా అనిపించలేదు. మడతలో పడుకుని ఎండా వానా చూసుకుంటూ బతికాను.

నేను పుట్టింది ఒక చలిదేశంలో, జిగురు వాసన వేసే పొడుగాటి షెడ్డులో. అక్కడ పనిచేసేవాళ్ళంతా దాదాపు ఆడవాళ్ళే. అందులో ఒక పెద్దావిడ నా అతుకులన్నీ బొటనవేలితో నొక్కుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది, పసిపిల్లకి నూనె మర్దనా చేసినట్టు. ఆ తర్వాత నాలో గాలి నింపి, ఒళ్ళంతా సబ్బునీళ్ళు పూసి, ఎక్కడైనా బుడగ వస్తుందేమోనని చూశారు. రాలేదు. అప్పుడు మడిచారు. నన్ను మడవడం ఆషామాషీ కాదు. ఒక్క మడత తప్పు పడితే విచ్చుకునే వేగానికి నేనే చిరిగిపోతాను.

మొదటి కొన్నేళ్ళు ఆ చలిసముద్రం మీదే తిరిగాను. అక్కడ చమురు బావులకు వెళ్ళే మనుషులు ఒళ్ళంతా మందపాటి రబ్బరు తొడుక్కుని ఎలుగుబంట్లలా ఎక్కేవారు. ఎక్కేముందు వాళ్ళు చెప్పుకునే మాటల వల్ల నాకో సంగతి తెలిసింది. వాళ్ళని ముందు ఒక కొలను దగ్గరికి తీసుకెళ్తారట. రేకు గదిలో కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, ఆ గదిని నీళ్ళలో ముంచి తలకిందులు చేస్తారట. ముక్కులోకి నీళ్ళు పోయి, దిక్కు తెలియక, తడుముకుంటూ కిటికీ వెతుక్కుని బయటికి రావాలట. వచ్చేవరకూ మళ్ళీ మళ్ళీ. వాళ్ళు ఆ కొలనును తిట్టుకోని రోజు లేదు.

హెలికాప్టర్ పాతబడ్డాక దాన్ని ఇక్కడికి అమ్మారు. నేనూ దాంతోపాటే వచ్చాను. బంగాళాఖాతం వెచ్చగా ఉంటుంది కాబట్టి ఆ రబ్బరు దుస్తులు అక్కర్లేదన్నారు. అది నిజమే. కొలను కూడా అక్కర్లేదన్నారు. అది ఎందుకో ఎవరూ చెప్పలేదు.

మా కొత్త స్థావరం కాకినాడకు ఎగువన, సముద్రపు ఒడ్డున ఉండేది. ఒక పెద్ద షెడ్డు, సిమెంటు మైదానం, ఒక వెయిటింగ్ హాలు, టీ స్టాలు. పొద్దున్నే సముద్రంలో చమురు తీసే రిగ్గులకు మనుషుల్ని తీసుకెళ్ళడం, అక్కడ పని ముగిసినవాళ్ళని వెనక్కి తేవడం. ఆ వచ్చిపోయేవాళ్ళలో నాకు బాగా తెలిసినవాడు గుబ్బల ధర్మరాజు.

ధర్మరాజు రిగ్గు మీద వంటమనిషి. ముమ్మిడివరం వైపువాడు. ఒకప్పుడు పెళ్ళిళ్ళకు వండేవాడట. పెళ్ళిళ్ళు కొన్ని నెలలే ఉంటాయి కానీ ఆకలి ఏడాదంతా ఉంటుంది కాబట్టి సముద్రం మీదకి మారానని అనేవాడు. నలభై దాటినవాడు, పొట్టి, చేతులు మాత్రం పెద్దవి. హెలికాప్టర్ ఎక్కేముందు నా కవరు మీద అరచెయ్యి ఆనించి కళ్ళకద్దుకునేవాడు. నేనేమిటో తెలిసి కాదు, చేతికందే ఎత్తులో ఉన్నానని.

అతని పక్క సీటు ఎప్పుడూ అప్పలనరసయ్యదే. అప్పలనరసయ్య రిగ్గు మీద క్రేను నడిపేవాడు, భీమిలి మనిషి. వాళ్ళిద్దరికీ పులుసు దగ్గర పేచీ. ధర్మరాజు పులుసులో బెల్లం వేస్తాడు. అప్పలనరసయ్యకి అది గిట్టదు. పులుసంటే పులవాల గాని పాయసం లాగుంటే ఎలాగని మెట్ల మీద నిలబడి కూడా వాదించేవాడు. అలా వాదించుకుంటూనే ఎక్కేవాళ్ళు, వాదించుకుంటూనే దిగేవాళ్ళు.

కార్తీకమాసంలో ఒకనాడు అల్పపీడనం పట్టింది. రెండు రోజులు ఎగరకుండా ఆపారు. మూడోనాడు వాన తెరిపిచ్చింది కానీ సముద్రం తగ్గలేదు. రిగ్గు మీద మనుషులు మారాలి, పని ఆగిపోతోంది అని ఫోన్ల మీద ఫోన్లు. గాలి రూలుకు లోబడే ఉంది. కెరటాలకు అప్పట్లో రూలు లేదు. కెప్టెన్ వర్ధన్ కాసేపు సముద్రం వైపు చూసి, టీ తాగి, సరే అన్నాడు. నేవీలో పనిచేసి వచ్చినవాడు, తొందరపడే మనిషి కాదు. ఆ పూట ఎవరు ఆ సీట్లో ఉన్నా సరే అనేవారు.

ఒడ్డు కనపడనంత దూరం వెళ్ళాక నా తలపై ఎక్కడో సన్నటి కీచు మొదలైంది. గేర్‌బాక్సులోంచి నూనె కారిపోతోంది. నూనె లేకపోతే గేర్లు అరిగి ముక్కలవుతాయి, రెక్కలు ఆగిపోతాయి. అంతదాకా ఆగకుండా యంత్రం చేతిలో ఉండగానే నీళ్ళ మీద దింపేయాలి. వర్ధన్ అదే చేశాడు. సముద్రం మీద దిగుతున్నాం, బెల్టులు బిగించుకోండి, నేను చెప్పేదాకా ఎవరూ లైఫ్ జాకెట్లు ఊదుకోవద్దు అన్నాడు. ఆ గొంతులో బెదురు లేదు.

నీళ్ళు తగిలేముందు అతను స్విచ్చి నొక్కాడు. నేను పుట్టిందెందుకో ఆ క్షణంలో తెలిసింది. కవరు చించుకుని ఒక్క ఊపులో విచ్చుకున్నాను. మిగతా ముగ్గురూ విచ్చుకున్నారు. హెలికాప్టర్ పెద్ద బాతులా నీళ్ళ మీద కూర్చుంది. ఎవరికీ గీత కూడా పడలేదు. లోపల ఎవరో దేవుణ్ణి పిలిచారు, ఎవరో నవ్వారు కూడా. పడవ వచ్చేదాకా అలా కూర్చుంటే చాలు.

అంతలో పక్క నుంచి ఒక కెరటం వచ్చింది. ఆ సముద్రంలో అది పెద్ద కెరటమేమీ కాదు. కానీ హెలికాప్టర్‌కు బరువంతా పైనే ఉంటుంది. ఇంజన్లూ గేర్లూ రెక్కలూ నెత్తి మీద, మేమేమో అడుగున. మొదటి కెరటానికి ఒరిగింది, రెండోదానికి తిరగబడింది.

తిరగబడ్డాక కూడా నేను తేల్చాను. నిలువుగా ఉన్నా తలకిందులుగా ఉన్నా నాకు ఒకటే. తేల్చమని చేశారు, తేల్చాను. పొట్ట ఆకాశానికి, మనుషులు నీళ్ళలోకి. సన్నటి రేకుకి ఇవతల నేను, అవతల వాళ్ళు. గుద్దుతున్నారు. మొదట చాలా చేతులు, తర్వాత కొన్ని, తర్వాత ఒకే ఒక్కటి. ఆ తర్వాత సముద్రపు చప్పుడు తప్ప ఏమీ లేదు.

నా పక్కన నీళ్ళు చీల్చుకుని ఒక తల పైకి వచ్చింది. ధర్మరాజు. నా అంచున కుట్టిన తాడును ఆ పెద్ద చేతులతో పట్టుకున్నాడు. ఊపిరి అందగానే మళ్ళీ మునిగాడు. మళ్ళీ తేలాడు. నరసయ్యా అని పిలిచాడు, నీళ్ళకి. ఇంకోసారి మునిగాడు. ఆపైన మునగడానికి అతనిలో సత్తువ లేదు. అవతలి వైపు నుంచి కో పైలట్టూ, ఒక ఇంజనీరూ బయటపడ్డారు. ముగ్గురే.

ఉప్పాడ వైపు చేపల పడవ ఒకటి మమ్మల్ని చూసి వచ్చింది. ధర్మరాజు వేళ్ళు నా తాడు మీద నుంచి ఎంతకీ ఊడలేదు. పడవ నడిపే సరంగు ఒక్కో వేలూ విడదీస్తూ, వదిలెయ్ బాబూ, వచ్చేశాం, ఇంక వదిలెయ్ అంటూనే ఉన్నాడు. మర్నాడు ఓడ వచ్చి హెలికాప్టర్ని పైకెత్తింది. లోపలున్నవాళ్ళని దించాక, నన్ను విప్పి షెడ్డుకు తెచ్చి నేల మీద పరిచారు.

*

తేల్చడం నాకొక్కదానికే వచ్చనుకున్నాను. మనుషులూ తేలుస్తారట. దానికి విచారణ అని పేరు.

మొదట టీవీవాళ్ళు తేల్చారు, పైలట్ తప్పిదమని. రెండు రోజులు వర్ధన్ ఫోటో చూపించి, ఆ వాతావరణంలో ఎందుకు ఎగిరాడని పెద్ద గొంతులతో అడిగారు. చచ్చిపోయినవాడు జవాబు చెప్పడు కాబట్టి అడగడం తేలిక. మూడోనాడు వాళ్ళకి ఇంకో వార్త దొరికింది.

ఆ తర్వాత ఢిల్లీ నుంచి తాళ్ళూరి మృణాళిని వచ్చింది. విమాన ప్రమాదాలను విచారించే ఆఫీసులో ఇంజనీరు. పుట్టింది బొబ్బిలి. యాభై దగ్గర పడ్డ మనిషి, జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. షెడ్డులో పరిచిన శకలాల మధ్యకు రాబోతూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. అలా విడవాలని ఎవరూ చెప్పలేదు. ఆమెను చూసి మిగతావాళ్ళూ విడవడం మొదలుపెట్టారు.

నా దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని అతుకులన్నీ నొక్కి చూసింది. గాలి నింపి, సబ్బునీళ్ళు పూయించింది. ఎక్కడా బుడగ రాలేదు. అప్పుడామె మొహంలో సంతోషం కనిపించలేదు. నేను చిరిగి ఉంటే ఆమె పని సులువయ్యేదని నాకు తర్వాత అర్థమైంది.

గేర్‌బాక్సు సంగతి తొందరగానే బయటపడింది. నూనె ఫిల్టర్‌ని పట్టి ఉంచే బోల్టు ఒకటి, చిటికెన వేలంత, అలసిపోయి విరిగింది. తప్పు లోహానిది, తయారీది. అలాంటి బోల్టులు ఉన్న హెలికాప్టర్లన్నీ ఆపి, కొత్తవి బిగించారు. కారణం దొరికింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, కంపెనీ సేఫ్టీ అధికారి శేషగిరి కూడా. ఆయన కూడా ఒకప్పుడు పైలట్టే, వర్ధన్‌తో కలిసి ఎగిరినవాడు. తన స్నేహితుడి తప్పు లేదని తేలినందుకు ఆయన షెడ్డులోనే కళ్ళు తుడుచుకున్నాడు. మేడమ్, ఇంక రిపోర్టు ముగించేయొచ్చు కదా అని అడిగాడు.

మృణాళిని అప్పుడు చెప్పిన మాట షెడ్డులో అందరికీ వినపడింది.

"బోల్టు విరిగి ఎవరూ చనిపోలేదండీ. వర్ధన్ గారు అందర్నీ ప్రాణాలతోనే నీళ్ళ మీదకి దింపారు. ఒక్కరికి ఎముక విరగలేదు. వాళ్ళు పోయింది ఆ తర్వాత. నేను రాయాల్సింది ఆ తర్వాతి సంగతి."

ఆ సంగతి తెలిసినవాడు ధర్మరాజు. ఆస్పత్రి నుంచి ఇంటికి వెళ్ళాక అతన్ని పిలిపించింది. అతను షెడ్డులోకి వచ్చి నన్ను చూసి, ఒక నిమిషం నిలబడిపోయి, నా చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళాడు. ఆమె హెలికాప్టర్ సీటు ఒకటి నేల మీద పెట్టించి, కూర్చోమంది. ఏం జరిగిందో మాటల్లో కాదు, చేతులతో చూపించమంది.

అతను బెల్టు పెట్టుకున్నట్టు కూర్చున్నాడు. కిటికీ అద్దం అంచున ఎర్ర పట్టీ ఉంటుంది, దాన్ని లాగి మూలన గుద్దితే అద్దం ఊడిపోతుంది. ఎక్కిన ప్రతిసారీ టీవీలో చూపించేవాళ్ళు, తనూ చూసేవాడు. తలకిందులయ్యాక చెయ్యి ఆ పట్టీ కోసం వెళ్ళింది. గాల్లో ఎక్కడో తడిమి చూపించాడు.

"ఇక్కడుండాలండి. చెయ్యి ఇక్కడికే పోయిందండి. కానీ అది ఇక్కడ లేదు. కుడేదో ఎడమేదో, పైనేదో కిందేదో ఏం తెలీలేదండి. కళ్ళు తెరిస్తే అంతా పచ్చగా ఉంది."

అతని కిటికీ నీళ్ళ దెబ్బకి దానంతటదే ఊడిపోయింది. కాలికి ఖాళీ తగిలింది. అంతే, అతను బతకడానికి కారణం అదొక్కటే. అప్పలనరసయ్య బెల్టు విప్పుకున్నాడు. కానీ భయంలో లైఫ్ జాకెట్ లోపలే ఊదేసుకున్నాడు. జాకెట్ అతన్ని పైకి, అంటే హెలికాప్టర్ నేలకి, అంటించేసింది. కిటికీలేమో కిందున్నాయి.

"కాలు పట్టుకుని లాగానండి," అన్నాడు ధర్మరాజు. "కిందికి లాగితే కదా బయటికి. లాగినకొద్దీ పైకి పోతాడేంటండి మనిషి."

మృణాళిని ముడిలోంచి పెన్సిలు తీసింది, ఏమీ రాయకుండా చేతిలోనే పట్టుకుని కూర్చుంది. కాసేపయ్యాక అతనికి టీ తెప్పించింది. అతను తాగలేదు.

వెళ్ళేముందు అతను అడిగింది ఒకటే. ఇంకోసారి ఇలాగే పడితే జనం బతుకుతారా అని. ఆమె అబద్ధం చెప్పలేదు. "కెరటం లేకపోతే బతుకుతారు," అంది.

*

కెరటం ఉన్నా బతికే దారి ఒకటుంది. అది ఆమె కనిపెట్టింది కాదు. ఎప్పటి నుంచో ప్రపంచానికి తెలిసిందే, ఎవరూ బిగించలేదు, అంతే. ఆ దారిని చూపించడానికి ఆమె ఒక పొద్దున కంపెనీవాళ్ళనీ, లైసెన్సులిచ్చే ఆఫీసువాళ్ళనీ షెడ్డుకు పిలిచింది. మధ్యలో ప్లాస్టిక్ నీళ్ళతొట్టి పెట్టించింది. రిసెప్షన్ బల్ల మీద షోకుగా ఉండే బొమ్మ హెలికాప్టర్ అడిగి తెప్పించింది. పుట్టినరోజు బుడగలు నాలుగు చిన్నగా ఊది, బొమ్మ అడుగున కట్టి తొట్టిలో వదిలింది. తేలింది. చేత్తో నీళ్ళని కాస్త కదిపింది. బొమ్మ తిరగబడి తలకిందులుగా తేలింది. కిటికీలన్నీ నీళ్ళలో.

తర్వాత ఐదో బుడగ తీసి, బొమ్మ పక్కన, పై భాగాన, రెక్కల కింద కట్టింది. మళ్ళీ నీళ్ళు కదిపింది. బొమ్మ తిరగబడబోయి, పూర్తిగా తిరగలేక, పక్కకి వాలి ఆగిపోయింది. నిద్రలో పక్కకి తిరిగి పడుకున్న మనిషిలా. ఒక వైపు కిటికీలు నీళ్ళలో, ఇంకో వైపు కిటికీల వరస మొత్తం నీళ్ళ పైన. ఆమె ఎంత కదిపినా అంతకంటే వాలలేదు.

శేషగిరి వంగి ఆ బొమ్మ కిటికీల్లోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డమనిషి కాదు. నిజానికి ఆ గదిలో చెడ్డవాళ్ళెవరూ లేరు.

"అసలు ఐదో ఫ్లోటు బరువెంతండీ?" అని అడిగాడు.

"ఇద్దరు మనుషులంత."

"అంటే ప్రతి ట్రిప్పులో ఇద్దర్ని దింపేయాలి."

"పడ్డరోజున ఎంతమందిని దింపామో చూశారు కదండీ."

ఆయన తల దించుకున్నాడు. మీరు చెప్పింది నిజమే, కానీ ఫ్లోట్లు చేసే కంపెనీ ఇలాంటిది మన హెలికాప్టర్‌కు చెయ్యట్లేదు, మేం ఎక్కణ్ణుంచి తెస్తాం అన్నాడు. చేసే కంపెనీకి రాస్తే, కొంటామని ఎవరూ అడగలేదు కాబట్టి చెయ్యట్లేదని జవాబొచ్చింది. లైసెన్సుల ఆఫీసును అడిగితే, మార్కెట్లో లేనిదాన్ని తప్పనిసరి చెయ్యలేమన్నారు. ముగ్గురూ మర్యాదస్తులే. ముగ్గురూ ఒకరు ఇంకొకరి వైపు వేలు చూపించారు.

మృణాళిని మాత్రం పట్టు వదల్లేదు. కొన్ని నెలలు ఆ షెడ్డే ఆమె ఇల్లయింది. ఐదో ఫ్లోటు తప్పనిసరి అని రాసింది. పై వాళ్ళు తప్పనిసరి తీసి, పరిశీలించదగినది అని పెట్టారు. ఆమె మళ్ళీ మార్చింది. వాళ్ళు మళ్ళీ మార్చారు. ఫోన్లో ఎవరితోనో ఆమె అంటుంటే విన్నాను, ఒక మాటే కదా అంటున్నారు సార్, ఆ ఒక్క మాటలోనే కిటికీ నీళ్ళ పైన ఉండేదీ కింద ఉండేదీ ఉంది అని. చివరకు వాళ్ళ మాటే నిలిచింది.

ఆమెకు దక్కినవీ కొన్ని ఉన్నాయి. కెరటాల ఎత్తు ఒక అంకె దాటితే ఎగరకూడదని రూలు వచ్చింది. కిటికీ పట్టీల పక్కన చీకట్లో వెలిగే రంగు పూశారు. వర్ధన్ తప్పు లేదని రిపోర్టులో స్పష్టంగా రాసింది. అతని భార్య వచ్చి ఆ ఒక్క పేజీ అడిగి తీసుకెళ్ళింది. కొలను కూడా కట్టిస్తామన్నారు. అది కట్టేలోగా క్లాసులు పెడతామని వెయిటింగ్ హాలులో ఒక గది కేటాయించారు. నన్ను గాలి నింపి ఆ గది మూలన నిలబెట్టారు. ధర్మరాజును నెలజీతానికి పెట్టుకుని, వచ్చినవాళ్ళకి నీ అనుభవం చెప్పమన్నారు.

హెలికాప్టర్ మళ్ళీ ఎక్కలేనివాడికి అది మంచి పనే. అతను కుర్చీలో కూర్చుని, చేతులతో చూపిస్తూ, మృణాళినికి చెప్పినట్టే చెప్పేవాడు. కూర్చోగానే ఒక చెయ్యి కిటికీ పట్టీ మీద వెయ్యండి, దిగేదాకా తియ్యకండి, తిరగబడ్డాక వెతకడం ఉండదు, చేతిలో ఉన్నదే మీది అనేవాడు. జాకెట్టు బయటికొచ్చాకే ఊదుకోండి, నరసయ్యగారు లోపలే ఊదుకున్నాడు అనేవాడు. వినేవాళ్ళలో కొందరు ఫోన్లు చూసుకునేవాళ్ళు, కొందరు తెల్లబోయేవాళ్ళు. ఇద్దరు ముగ్గురు ఆ పూట ఎక్కం అన్నారు.

ఆ తర్వాత మేనేజరు అతన్ని పక్కకి పిలిచి, అంత వివరంగా చెప్పక్కర్లేదు, జనం బెదిరిపోతున్నారు, జాగ్రత్తలు చెప్పు చాలు, నీళ్ళలో సంగతి వద్దు అన్నాడు. ధర్మరాజు ఒకరోజు అలాగే చెప్పి చూశాడు. అది విన్నవాళ్ళెవరూ బెదరలేదు. ఎవరికీ గుర్తున్నట్టూ లేదు. మర్నాటి నుంచి అతను రాలేదు. చేపలరేవు దగ్గర మెస్సు పెట్టుకున్నాడని విన్నాను.

అతని బదులు వీడియో పెట్టారు. కొలను కట్టాల్సిన చోట ముందు ఇటుకలు దింపారు, తర్వాత వాటితో ప్రహరీ కట్టారు. మృణాళినికి ఢిల్లీలో ఇంకో విభాగం ఇచ్చారు. ఆ మరుసటి వర్షాకాలం కెరటాల రూలు వల్ల చాలా రోజులు ఎగరలేకపోయారు. సమావేశాలు జరిగాయి. సముద్రం ఏమీ తగ్గలేదు, కాగితం మీద అంకె మాత్రం పెరిగింది. నాలో గాలి మెల్లగా తగ్గి నేను మూలకు వాలిపోతే, గది ఇరుకైపోతోందని తీసి మళ్ళీ షెడ్డులో పడేశారు.

*

రెండో హెలికాప్టర్ పడింది వేసవి తుపాను వెళ్ళిన వారంలో. ఈసారి గేర్‌బాక్సు లక్షణంగా ఉంది. ఇంజన్లకు ఇంధనం అందే దారిలో ఏదో చెడింది. ఈ పైలట్టూ చక్కగానే దింపాడు. నాలాంటివాళ్ళు నలుగురూ చక్కగానే విచ్చుకున్నారు. కొద్దిసేపు నిలబడింది. తర్వాత తిరగబడింది.

విభాగం వేరైనా మృణాళిని అడిగి మరీ వచ్చింది. జుట్టు బాగా నెరిసింది. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కొత్తగా తెచ్చిన ఫ్లోట్లలో ఒకదాన్ని నా పక్కనే పరిపించింది. దానిది కూడా ముందు ఎడమ వైపే. దాని మీద ఇంకా ఉప్పు ఆరలేదు. అతుకులు నొక్కుకుంటూ వెళ్ళింది. సబ్బునీళ్ళు పూయించింది. ఎక్కడా బుడగ రాలేదు. ఆమె వెనక్కి కూర్చుని అరచేతులు ఒళ్ళో పెట్టుకుంది.

కబురు విని ధర్మరాజు వచ్చాడు. ఎవరూ పిలవలేదు. మెస్సులోంచి అలాగే వచ్చినట్టున్నాడు, లుంగీకి పసుపు మరకలు. ఆమెకు నమస్కారం పెట్టి కొంచెం దూరంగా నేల మీద కూర్చున్నాడు.

"తలకిందులైందాండి?" అన్నాడు మమ్మల్ని చూస్తూ.

"అయింది."

"నేను చెప్పిందంతా రాశారు కదండి అప్పుడు?"

"రాశాను."

"పెద్దోళ్ళు చదివారాండి?"

"చదివారు ధర్మరాజు గారూ. చదవలేదనుకుంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది."

అతను తల ఆడించాడు. షెడ్డు రేకు మీద కాకులు నడుస్తున్న చప్పుడు. మృణాళిని ఇంకో సంగతి చెప్పాలా వద్దా అన్నట్టు ఆగి, చెప్పింది. బతికినవాళ్ళలో ఒకతను, ఎలమంచిలి వైపు వెల్డరు, ఆస్పత్రిలో చెప్పాడట. మునుపు ఇక్కడ ఒక వంటాయన క్లాసు చెప్పేవాడు, ఎక్కిన దగ్గర్నుంచీ కిటికీ పట్టీ మీద చెయ్యి తియ్యొద్దన్నాడు, నేను తియ్యలేదు అని. తిరగబడగానే లాగి, గుద్ది, వచ్చేశాడట.

ధర్మరాజు ఆమె మొహంలోకి చూశాడు. మిగతాది కూడా చెబుతుందేమోనని చూసినట్టున్నాడు.

"అలా చెయ్యి తియ్యనోడు ఒక్కడేనాండి?"

"ఒక్కడే."

కాసేపటికి ఆమె లేచి, కొత్త ఫ్లోటును కొలతలు తీసి మడవాలి, ఆ చివర పట్టుకుంటారా అని అడిగింది. అతను లుంగీకి చేతులు తుడుచుకుని పట్టుకున్నాడు. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, దులిపి, చెరో అంచూ తెచ్చి కలిపారు. సముద్రపు నీళ్ళు కొన్ని దాని మడతల్లోంచి నేల మీదకి కారాయి. ఆమె ఈసారి ఏం రాస్తుందని అతను అడగలేదు. ఆమె ఐదో బుడగ గురించే రాస్తుంది. నాకు తెలుసు. వాళ్ళు ఏ మాట మారుస్తారో కూడా తెలుసు.

కొత్త శకలాలకు చోటు కావాలి కాబట్టి పాతవాటిని తీసేయమన్నారు. నా కేసు ముగిసిపోయిందట. నన్ను తుక్కు కొట్టుకి తోలారు. కాకినాడ శివార్లలో, పాత బాయిలర్లకీ లారీ టైర్లకీ మధ్య పడి ఉన్నాను. యజమాని ఒకటి రెండుసార్లు నన్ను పట్టి చూసి, గుడ్డ గట్టిది, వానాకాలం టార్పాలిన్‌కి పనికొస్తుందని ఎవరితోనో అన్నాడు. బేరం ఇంకా తెగలేదు. తెగితే కత్తిరిస్తారు. కత్తిరించడానికి కష్టపడతారు, నా అతుకులు ఊడవు.

పొద్దున్నపూట హెలికాప్టర్లు నా మీదుగానే సముద్రం వైపు వెళ్తాయి. కింది నుంచి చూస్తే వాటి పొట్టల పక్కన మడతలు కనపడతాయి, నాలుగు. ఇవాళ గాలి ఎక్కువగా ఉంది. టైర్ల మీది రేకులు కొట్టుకుంటున్నాయి. ఇంకా ఎగరలేదు, ఆపారేమో అనుకున్నాను. ఇప్పుడే ఒకటి వెళ్ళింది.